గుడ్డకు పట్టే గౌరవం
(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. తెలుగులో ప్రసంగమంటే కొంత జంకు వున్నమాట నిజమే. అయితే మన సభ్యుల్లో సగం మంది యింట్లో మాట్లాడేది తెలుగే. దివిసీమ నుంచి వచ్చిన మన నూర్‌బాషా సోదరులకు ఉర్దూలో చెబితే మర్యాదకు తలలూపుతారు గాని, తరువాత పక్కవాణ్ణి అడుగుతారు. అందుచేత తెలుగులోనే చెబుతాము. తప్పులుంటే మన్నించి, భోజనాల దగ్గర సరిదిద్దండి.

విషయం జెండాలు. ధ్వజాలు, అలములు, పటాలు, సభలకు కట్టే బ్యానర్లు, అన్నీ కలిపి. యీ విషయం యెందుకు యెన్నుకున్నామంటే దాని వెనుక మాకు జరిగిన ఒక పరాభవం వుంది. అది ముందు చెప్పేస్తే మనసు తేలిక పడుతుంది.

రెండేళ్ళ క్రితం మా బడి పిల్లల కార్యక్రమానికి పెద్ద ఫ్లెక్సీ చేయించాము. కాగితం మీద ఉర్దూలో అందంగా రాసి, ఒక దుకాణంలో యిచ్చి వచ్చాము. కార్యక్రమం ఉదయాన కట్టేశారు. పూలు, నెలవంక, అతిథుల ఫోటోలు, అన్నీ మెరిసిపోతున్నాయి. ఖిరాత్ అయింది, స్వాగతం అయింది. అప్పుడు మూడో తరగతి పిల్లవాడొకడు లేచి, ‘సార్, పైన రాసింది ఏ భాష?’ అన్నాడు. తిరిగి చూశాము. అక్షరాలన్నీ మనవే, ఒక్కటీ తప్పిపోలేదు. కాని దేనికది విడిపోయి, వెనుక నుంచి ముందుకు వరస కట్టి నిలబడ్డాయి. ఉర్దూ కుడి నుంచి యెడమకు పోతుంది, అక్షరాలు చేతులు పట్టుకుని నడుస్తాయి. ఆ దుకాణం కంప్యూటరుకు యీ రెండూ తెలియవు. ‘బడి’ అనే మాటను ‘డిబ’ అని రాస్తే యెట్లా వుంటుందో అట్లా వుంది. ఉర్దూ బడి, ఉర్దూ మాష్టర్లు, పైన మాత్రం ఏ భాషా కాని రాత. ఆ దుకాణపు కుర్రవాణ్ణి అని లాభం లేదు, అతను పంపిన నమూనాను మేమే ఫోనులో సరిగా చూడకుండా ‘సరే’ అన్నాము. మా పేరు మేము గుడ్డ మీద రాయించుకోలేకపోయామన్న బాధ మాత్రం మిగిలిపోయింది. అదయినా గుడ్డ కాదు, ప్లాస్టిక్కు.

అప్పటి నుంచి జెండాల మీద మనసు పడింది. పాత పుస్తకాలు తిరగేశాము, పెద్దలను అడిగాము. తెలిసినంత మీ ముందు పెడతాము.

తెలుగులో జెండాకు పేర్లు తక్కువేమీ కావు. ధ్వజం, పతాకం, కేతనం అన్నీ సంస్కృతం నుంచి వచ్చినవి. టెక్కెం అనే అచ్చ తెలుగు మాట ఒకటి వుంది, యిప్పుడు పుస్తకాల్లో తప్ప దొరకదు. ఉర్దూలో పర్‌చమ్, నిషాన్, అలమ్, ఝండా. చివరికి జనం నోట నిలిచింది యీ ‘జెండా’యే. గెలిచినవాడు జెండా పాతాడంటాము, చేతకాక వెళ్ళిపోయినవాడు జెండా ఎత్తేశాడంటాము. తుఫాను వచ్చేటప్పుడు రేవులో ‘పదో నంబరు హెచ్చరిక ఎగురవేశారు’ అని రేడియో చెబుతుంది. నిజానికి పగలు స్తంభానికి కట్టేవి శంకువు, పీపా ఆకారాలు, రాత్రయితే దీపాలు. గుడ్డ లేకపోయినా ‘ఎగురవేశారు’ అనే అంటాము.

మన ఇస్లాం చరిత్రలో జెండా ప్రసక్తి మొదటి నుంచీ వుంది. హదీసు గ్రంథాల్లో రెండు మాటలు కనిపిస్తాయి, లివా, రాయా అని. లివా తెల్లనిదని, రాయా నల్లనిదని, ఆ నల్లనిది చారల ఉన్ని గుడ్డతో చేసిన చదరపు ముక్క అని చెప్పారు. అంతే. దాని మీద నెలవంక లేదు, నక్షత్రం లేదు. యీ మాట గుర్తుపెట్టుకోండి, తరువాత దీనితో పని వుంది. ఉహద్ యుద్ధంలో జెండా మోసినవారు ముస్అబ్ బిన్ ఉమైర్, మోస్తూనే షహీదయ్యారు. హిజ్రీ 8లో, అంటే క్రీ.శ. 629లో ముఅతా యుద్ధంలో జెండా ముగ్గురి చేతులు మారింది. జైద్ పడిపోతే జాఫర్ అందుకున్నారు. ఆయన కుడి చెయ్యి తెగితే యెడమ చేత్తో పట్టుకున్నారని, అదీ తెగితే మొండి చేతులతో గుండెకు అదుముకున్నారని చరిత్రకారులు రాశారు. తరువాత అబ్దుల్లా బిన్ రవాహా. ఆయనా పోయాక ఖాలిద్ బిన్ వలీద్ అందుకుని సైన్యాన్ని వెనక్కు తీసుకువచ్చారు. పిల్లలకు యీ పాఠం చెప్పేటప్పుడు, ‘గుడ్డముక్క కోసం చేతులు పోగొట్టుకోవడమేమిటి సార్’ అని ఒకసారి ఒకమ్మాయి అడిగింది. ఆ దుమ్ములో, ఆ గందరగోళంలో సైనికుడికి తనవాళ్ళు ఎక్కడున్నారో తెలిసేది ఆ గుడ్డ వల్లనే. అది పడితే సైన్యం చెదిరిపోయినట్టే. అందుకని పట్టుకున్నారు.

ఆ తరువాత కర్బలా. హిజ్రీ 61, క్రీ.శ. 680. ఇమామ్ హుసైన్ గారి పక్షాన జెండా మోసినవారు ఆయన తమ్ముడు హజ్రత్ అబ్బాస్. అందుకే ఆయనను అలమ్‌దార్ అంటారు. పిల్లలకు నీళ్ళు తేవడానికి యూఫ్రటీసు నదికి వెళ్ళి అక్కడే షహీదయ్యారు. మన పల్లెల్లో పీర్ల పండుగకు ఎత్తే అలములకు మూలం యిక్కడే వుంది.

ఇరాను నుంచి దక్కనుకు, దక్కను నుంచి మన డెల్టాకు యీ అలమ్ నడిచి వచ్చింది. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో దీనికి గొప్ప ఆదరణ. హైదరాబాదులో మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1590ల్లో కట్టించిన బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో గోడల మీద రంగుపలకలతో పెద్ద పెద్ద అలములు చిత్రించి వున్నాయి. ఆ పలకల పని 1611 నాటిది. వర్షానికి వెలవని, గాలికి చిరగని జెండాలవి. వెళ్ళినవారు తప్పక చూడండి. మొహర్రం పదో రోజున బీబీ కా అలమ్‌ను అక్కడ ఏనుగు మీద ఊరేగిస్తారు.

మన వైపు ఏనుగులు లేవు. పీర్ల చావిడి వుంటుంది, ఒక పెట్టె వుంటుంది. అందులో యిత్తడి పంజాలు, గుడ్డల మూట. మొహర్రం నెల కనపడగానే పెట్టె తీసి, పంజాలు చింతపండుతో తోమి, కర్రకు బిగించి, చుట్టూ దట్టీలు కడతారు. ఎరుపు, ఆకుపచ్చ, జరీ అంచులవి. మొక్కుకున్నవారు తెచ్చిన గుడ్డలు ఒకదాని మీద ఒకటి. చాలా ఊళ్ళలో పీరు ఎత్తేవాడు హిందువు, డప్పు కొట్టేవాడు హిందువు, షర్బతు పోసేది మన యింటి ఆడవాళ్ళు. పదో రోజున కాలువ దాకా తీసుకువెళ్ళి, కడిగి, గుడ్డలు విప్పి, మళ్ళీ పెట్టెలో పెట్టేస్తారు. తెలంగాణ పల్లెల్లో దీనికే ‘అసైదులా’ ఆట. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్ళాయిస్వామి పేరుతో వేలాది జనం వస్తారు.

యిక్కడ మనలో రెండు అభిప్రాయాలున్న సంగతి మాకు తెలియనిది కాదు. ‘యిది షరీఅత్‌లో లేనిది, మానాలి’ అనేవారు యీ హాలులోనే వున్నారు. ‘తాతల నాటి నుంచి వస్తున్నది, యెట్లా మానతాము’ అనేవారూ పక్క కుర్చీలోనే వున్నారు. మేము ఆలిములం కాము, ఫత్వా యివ్వము. ఒక్క మనవి మాత్రం చేస్తాము. మానదలచుకున్నవారు మానండి, కాని పాత పంజాలను తూకానికి అమ్మకండి. కొన్నింటి మీద చెక్కిన అక్షరాలు చూస్తే, ఆ చెయ్యి యెంత ఓపికగా నడిచిందో తెలుస్తుంది. ఇత్తడి రేకు మీద అల్లా పేరు, పంజ్‌తన్ పేర్లు ముడివేసినట్టు చెక్కిన పనితనం యిప్పుడు చేయించాలంటే దొరకదు. పెట్టెలో వుంటే అన్నం అడగదు కదా.

హిందూ సోదరుల ఆలయాల్లోనూ యీ ఎత్తడం, దించడం వుంది. తిరుమల బ్రహ్మోత్సవాలు ధ్వజారోహణంతో మొదలవుతాయి. గుడ్డ మీద గరుత్మంతుని బొమ్మ వేసి ధ్వజస్తంభానికి ఎక్కిస్తారు. దేవతలందరికీ అదే పిలుపు అంటారు. ఉత్సవం ముగిశాక దించుతారు. మన కూచిపూడివారి ఆటలోనూ పూర్వరంగంలో ఇంద్రధ్వజం తెచ్చి నిలపడమనే ఆచారం వుంది. ఆ కూచిపూడి గ్రామాన్ని కళాకారులకు అగ్రహారంగా యిచ్చినవాడు గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానీషా అని అక్కడివారే చెబుతారు. బందరు వైపు వస్తూ వారి ఆట చూసి మెచ్చుకుని యిచ్చాడట.

బందరు సంగతికి వద్దాము. జెండాల విషయంలో మన ఊరు తక్కువది కాదు. పేటల పేర్లు చూడండి. వలందపాలెం డచ్చివారిది, వారిని వలందులు అనేవారు. ఇంగ్లీషుపాలెం సంగతి చెప్పనక్కరలేదు. పరాసుపేట ఫ్రెంచివారిది. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో, ఫ్రెంచివారు 1669లో యిక్కడ కొట్లు పెట్టారు. ఒక్కొక్క కొట్టు మీద ఒక్కొక్క జెండా. ఇంగ్లీషు కంపెనీది ఎరుపు తెలుపు చారలు, డచ్చివారిది మూడు రంగులు, ఫ్రెంచివారిది తెల్ల గుడ్డ మీద లిల్లీ పూలు. 1759 ఏప్రిల్‌లో కర్నల్ ఫోర్డు రాత్రివేళ బందరు కోట పట్టుకున్నాడు, దానితో యిక్కడ ఫ్రెంచి జెండా దిగి ఇంగ్లీషు జెండా ఎక్కింది. ఆ కొట్లు లేవు, ఆ జెండాలు లేవు. డచ్చివారి గోరీల మీద చెక్కిన వంశ చిహ్నాలు మాత్రం మిగిలాయి, వెళ్ళి చూడవచ్చును.

వీరంతా యిక్కడికి వచ్చింది దేనికి? గుడ్డ కోసం. మన అద్దకపు గుడ్డ కోసం. వాళ్ళకంటే ముందు ఇరాను వర్తకులు వచ్చారు. కలంకారీ అనే పేరే ఫారసీ. కలం అంటే పిల్లలకు తెలుసు, కారీ అంటే పని. పలంగ్‌పోష్ అని మనవాళ్ళు అన్న మంచం దుప్పటిని తెల్లవాళ్ళు ‘పాలంపోర్’ చేసుకున్నారు.

గోల్కొండ సుల్తానులు, మొగలు పాదుషాలు నెలల తరబడి గుడారాల్లో వుండేవారు. గుడారమంటే మన బెల్లం బస్తా రంగు పట్టా కాదు. లోపలి వైపు కనాత్ కడితే అది గోడ అయ్యేది. వరుసగా మిహ్రాబు తోరణాలు, ఒక్కొక్క తోరణంలో ఒక పూలమొక్క. పైన షామియానా. గుడ్డతోనే ఒక దర్బారు లేచేది. అటువంటి గోల్కొండ కాలపు గుడ్డలు యిప్పుడు పరదేశాల ప్రదర్శనశాలల్లో వున్నాయి. అమెరికాలో బ్రూక్లిన్ మ్యూజియంలో 1610–1640 మధ్య కాలానిదని చెప్పే ఏడు ముక్కల పరదా ఒకటి వుంది, అందులో రకరకాల దేశాల మనుషులు, వారి వారి వేషాలతో నిలబడి వుంటారు. మన తీరంలో అద్దినది న్యూయార్కులో వేలాడుతున్నది.

ఆ అద్దకం యెట్లా జరుగుతుందో పెడన వెళ్ళి చూసి వచ్చాము. చెబితే సగమే. ముందు గాడా గుడ్డను పేడనీళ్ళలో నానబెట్టి ఉతికి తెల్లన చేస్తారు. కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. పాత ఇనుప ముక్కలు, బెల్లం నీళ్ళు కుండలో రోజుల తరబడి పులియబెడితే కసిం తయారవుతుంది. చూడటానికి మురికినీళ్ళ మాదిరిగా వుంటుంది, కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే నల్లగా మారుతుంది. ఎరుపు రావలసిన చోట పటిక నీళ్ళతో అచ్చు వేస్తారు. అప్పుడేమీ పెద్దగా కనపడదు. కాలువలో జాడించి, రాగి గంగాళంలో ఎర్ర రంగు దినుసు, జాజి ఆకు వేసి కాస్తారు. అంతే, పటిక తగిలిన చోటనే ఎరుపు పట్టుకుంటుంది, మిగతాచోట నిలవదు. యిది చూసి మాతో వచ్చిన పిల్లలు చప్పట్లు కొట్టారు. పూర్వం ఆ ఎరుపు చిరివేరు నుంచి వచ్చేది. గుల్ల సున్నం కలిసిన మన తీరపు యిసుక నేలల్లో పెరిగిన చిరివేరుకు దేశదేశాల్లో పేరు. నీలానికి నీలిమందు, పసుపుకు కరక్కాయ పువ్వు.

యిక మా పరాభవానికి సంబంధించిన సంగతి. పందొమ్మిదో శతాబ్దంలో కూడ బందరు నుంచి ఇరానుకు జానమాజులు, పరదాలు వెళ్ళేవి. కొన్నింటి అంచుల్లో ఫారసీ అక్షరాలు అచ్చు వేసి వుంటాయి. అచ్చు అంటే టేకు చెక్క. గుడ్డ మీద అక్షరం సరిగా పడాలంటే చెక్క మీద తిరగేసి చెక్కాలి. అద్దంలో కనిపించినట్టు. ఫారసీ చదవడం వచ్చినా రాకపోయినా, మన కృష్ణా తీరపు వడ్రంగి ఆ అక్షరాలను చెక్క మీద తిరగేసి చెక్కితే అవి గుడ్డ మీద చక్కగా చేతులు పట్టుకుని నడిచాయి. మొన్న కంప్యూటరుకు చక్కగా రాసి యిస్తే అది తిరగేసి అచ్చు వేసింది. నవ్వుకోవలసిన మాటే గాని, మాకు నవ్వు రాలేదు.

జెండాల ప్రసంగం చేస్తూ పింగళి వెంకయ్య గారిని చెప్పకపోతే మీరు మమ్మల్ని బందరులో తిరగనివ్వరు. భట్లపెనుమర్రు ఎక్కడో కాదు, కూచిపూడి వున్న మొవ్వ మండలంలోనే. ఆయన లాహోరు వెళ్ళి ఆంగ్లో-వేదిక్ కళాశాలలో ఉర్దూ, జపనీసు భాషలు నేర్చుకున్నారని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. అందులో ఉర్దూ వున్నందుకు మాకు కొంచెం గర్వం, తప్పు పట్టకండి. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో పనిచేశారు. 1916లో భారతదేశానికి ఒక జాతీయ పతాకం కావాలంటూ ముప్పై నమూనాలతో ఇంగ్లీషులో పుస్తకం వేశారు. 1921లో బెజవాడలో కాంగ్రెసు సమావేశం జరిగినప్పుడు గాంధీగారికి జెండా తయారుచేసి యిచ్చారు. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లిములకు. మధ్యలో రాట్నం. మిగతా మతాలవారికి తెలుపు కూడ చేర్చమన్నారు గాంధీగారు.

అయితే రంగుకొక మతం అన్న లెక్క ఎక్కువ కాలం నిలవలేదు. మాకూ రంగులేవి అని యితరులు అడగడం సహజమే కదా. 1931లో కాంగ్రెసు కాషాయం, తెలుపు, ఆకుపచ్చ అని తీర్మానించినప్పుడే యీ రంగులకు మత సంబంధం లేదని స్పష్టంగా చెప్పింది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ రాట్నం బదులు అశోక చక్రంతో ప్రస్తుత పతాకాన్ని ఆమోదించింది. ఆ రోజు సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు మాట్లాడుతూ ఆకుపచ్చ అంటే మన నేలతో, మన బతుకులకు ఆధారమైన పచ్చని పైరుతో సంబంధమని వివరించారు. అస్సాం నుంచి వచ్చిన సయ్యద్ మహమ్మద్ సాదుల్లా గారు లేచి ఆ పతాకాన్ని సమర్థించారు. ఆ పతాకం రూపు తీర్చడంలో సురయ్యా త్యాబ్జీ గారి పేరు కూడ చెబుతూ వుంటారు. వెంకయ్య గారు 1963 జూలై 4న పోయారు. చివరి రోజుల్లో లేమిలో గడిపారు. 2009లో ఆయన తపాలా బిళ్ళ వేశారు.

యిప్పుడు ఆకుపచ్చ గురించి. యిది చెప్పడానికే మేము యింత దూరం నడిచి వచ్చామనుకోండి. మీలాదున్నబీ వస్తే మన పిల్లలు నెలవంక, నక్షత్రం వున్న పచ్చజెండాలు కొని బండ్లకు కడతారు. ఎక్కడో ఎవరో ఫోటో తీసి ‘యిది పొరుగు దేశం జెండా’ అని ఫోనుల్లో తిప్పుతారు. పోలీసులు వస్తారు, పెద్దలు స్టేషనుకు పరిగెడతారు. ‘కాదండీ, దానికి యెడమ వైపు తెల్లపట్టీ వుంటుంది, దీనికి లేదు’ అని వివరించుకోవాలి. యిటువంటి వార్తలు దేశంలో ఎన్నిసార్లు చదివామో మీకూ తెలుసు. తప్పు చేయనివాడు వివరణ యిచ్చుకోవలసి రావడం కష్టమే. దాన్ని మేము చిన్నది చేయము.

కాని మన యింటి సంగతి కూడ చూసుకోవాలి. నెలవంకా నక్షత్రమూ ప్రవక్తగారి జెండా మీద లేవని మొదట్లో చెప్పాము. ఆ రెండూ జంటగా జెండా ఎక్కింది తుర్కుల ఉస్మానియా రాజ్యంలో, పద్ధెనిమిది, పందొమ్మిది శతాబ్దాల్లో. తరువాత అనేక దేశాలు తీసుకున్నాయి. ఉమయ్యాల జెండా తెలుపు, అబ్బాసీలది నలుపు. కనుక అది లేకపోతే దీన్‌లో లోటు లేదు, వుంటే నేరమూ లేదు. మన తాతలు పందిట్లో కట్టినవి రంగు కాగితాల తోరణాలు, మన అద్దకపు పరదాలు. బజారులో దొరికిన ప్లాస్టిక్కు జెండాయే మన గుర్తు అని పిల్లలు అనుకోవడానికి కారణం, వేరే గుర్తు మనం చూపకపోవడం కూడ. యీ మాట కొందరికి రుచించదు. కోపం వస్తే మా మీద రానివ్వండి, పిల్లల మీద వద్దు.

ప్రపంచం సంగతి నాలుగు మాటల్లో చెబుతాము, టైము చూస్తున్నాము. ఇరానులో కావే అనే కమ్మరి అన్యాయపు రాజు మీద తిరగబడి, తన తోలు ముందుగుడ్డను బల్లెానికి కట్టి ఎత్తాడని షాహ్‌నామాలో కథ. అదే రాజుల ‘దరఫ్షె కావియాని’ అయి, రత్నాలు తాపించుకుంది. చైనాలో 1972లో మవాంగ్‌దుయి అనే చోట రెండు వేల ఏళ్ళ నాటి సమాధి తవ్వితే, ఒక గొప్పింటి ఆమె శవపేటిక మీద పట్టు పటం దొరికింది. పైన స్వర్గం, మధ్యన ఆమె, కింద పాతాళం. జపానులో మే 5న పిల్లల పండుగకు చేపల ఆకారంలో గుడ్డ సంచులు కర్రలకు కడతారు, గాలి నిండితే ఆకాశంలో ఈదుతాయి. చేప పేరున్న ఊరు మనది, ఒక్క గుడ్డ చేపా లేదు! ఆఫ్రికాలో ఘనా తీరాన ఫాంతీ జాతివారి దళాలు సామెతలను బొమ్మలుగా గుడ్డ ముక్కలతో కుట్టి జెండాలు చేసుకుంటాయి. ఒడిశాలో పూరీ జగన్నాథుని గుడి మీద జెండా ప్రతిరోజూ మార్చుతారు, దగ్గరలోని పిపిలి ఊరివారు గుడ్డ మీద గుడ్డ కుట్టే పనితో బతుకుతున్నారు. టిబెట్టువారు ప్రార్థనలు అచ్చు వేసిన గుడ్డలను కనుమల్లో కట్టి గాలికి వదిలేస్తారు.

అన్నిటికంటే మా మనసులో నిలిచిన జెండా మాత్రం ఏ పుస్తకంలోదీ కాదు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చింది. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. అప్పటికి మేము పుట్టలేదు. బక్రీదుకు రెండు మూడు రోజుల ముందని మా పెద్దలు చెప్పేవారు. పండుగకు తీసి పెట్టిన గుడ్డలు కఫన్లకు చాలలేదు. హిందువా, ముస్లిమా అని చూసే వ్యవధి లేదు. దివిసీమలో మా దూరపు బంధువు ఒకామె, మాకు నానమ్మ వరస, చెట్టు మీద ఒక రాత్రంతా గడిపింది. తెల్లవారాక నీళ్ళ మధ్య దిబ్బ మీద మిగిలినవాళ్ళు పదిమంది పోగయ్యారు. హెలికాప్టరు చప్పుడు వినిపిస్తే కనపడాలని, ఒకామె చీర చింపి వెదురు కర్రకు కట్టి ఊపారట. ‘ఏం రంగు చీర దాదీ?’ అని చిన్నప్పుడు మేము అడిగితే, ‘బురద రంగు బేటా, ఆ రోజు అన్నీ బురద రంగే’ అనేది. మరుసటి నెలలో మొహర్రం వచ్చింది. కొట్టుకుపోయిన పంజాలు వెతికి తెచ్చుకున్న ఊళ్ళు వున్నాయి, దొరకక ఉత్త కర్రకు గుడ్డ కట్టి నిలబెట్టిన ఊళ్ళు వున్నాయి అని ఆమె చెబుతుండగా విన్నాము. ఆ దాదీ యిప్పుడు లేదు. అల్లా ఆమెకు జన్నత్ ప్రసాదించుగాక.

చివరిగా మన సంఘం పని. మన సంఘానికి పేరున్నది, రిజిస్ట్రేషనున్నది, రసీదు పుస్తకమున్నది. సొంత పతాకం లేదు. ప్రతి సంవత్సరం కొత్త ఫ్లెక్సీ కొంటున్నాము, మర్నాడు అది ఎవరి గేదెల పాక మీదికో పోతున్నది. 2022లో మన రాష్ట్ర ప్రభుత్వం ప్లాస్టిక్కు ఫ్లెక్సీలు వద్దని ప్రకటించినా, అవి ఆగలేదని యీ గోడ చూస్తేనే తెలుస్తుంది. జాతీయ పతాకానికే 2021 చివర్లో పాలిస్టరు అనుమతించారు, ఖాదీ నేసేవారు బాధపడ్డారు. చవక ముందు నిలబడటం కష్టం, మాకు తెలియక కాదు.

మా ప్రతిపాదన యిది. పెడనలో గుడ్డ అద్దించుదాము. రెండున్నర గజాల పొడవు, గజం వెడల్పు. అంచుకు పాత బందరు పూలతీగ, మధ్యలో సంఘం పేరు పైన ఉర్దూలో, కింద తెలుగులో, రెండూ ఒకే ఎత్తున. ఉర్దూ అక్షరాలు మా బడి పిల్లలు రాస్తారు, తప్పులు దిద్దే పూచీ మాది. వాటిని అచ్చు చెక్కే మేస్త్రీని చూసి వచ్చాము. ‘తిరగేసి చెక్కాలి మాష్టారూ, మీరు దగ్గర కూచుంటే చెక్కుతాను’ అన్నాడు. కూచుంటామన్నాము. అచ్చు ఒకసారి చేయిస్తే మన మనవల దాకా పనికి వస్తుంది. రంగు మాట కమిటీవారు తేల్చండి. ఆకుపచ్చ కావాలంటే నీలిమందు మీద పసుపు వేస్తే వస్తుందని అక్కడివారు చెప్పారు. ఖర్చు వివరాలు కోశాధికారిగారికి కాగితం మీద రాసి యిచ్చాము, ఆయన ముఖం చూస్తే చదివినట్టే వున్నది.

నమూనా ముక్క ఒకటి తెచ్చాము. ముందు వరుస నుంచి చేతికి చేతికి అందించండి. వాసన చూడండి, కరక్కాయ వాసన యింకా పోలేదు. పిల్లలు మాత్రం లడ్డూ తిన్న చేతులు తుడుచుకుని పట్టుకోవాలి. ఖుదా హాఫిజ్.